జులైలో స్వెట్టరు

"వేసవిలో రండి నాన్నా, హాయిగా ఉంటుంది" అన్నాడు కెనడాలో, కాల్గరీలో ఉన్న మావాడు. తీరా వెళ్ళాక, రాజమండ్రి ఎండల్లో మాడి వచ్చిన మమ్మల్నిద్దర్నీ జులై నెలలో స్వెట్టర్లు తొడిగి, మంకీ క్యాపులు పెట్టి, మొరేన్ సరస్సుకి బయల్దేరదీశాడు.

బయల్దేరడం అంత తేలిక కాదు. జనం తాకిడికి తాళలేక 2023 నుంచి ఆ సరస్సుకెళ్ళే కొండదారిలోకి సొంత కార్లను రానివ్వడం లేదు. అక్కడి నేషనల్ పార్కు వాళ్ళ బస్సులో వెళ్దామనుకున్నాం. దాని సీట్లు కొన్ని ఏప్రిల్‌లోనే అమ్మేస్తారు, మిగతావి ప్రయాణానికి రెండు రోజుల ముందు ఉదయం సరిగ్గా 8 గంటలకి వదుల్తారు. మావాడు కంగారుపడుతుంటే నాకు నవ్వొచ్చింది. అచ్చం మన తత్కాలే కదా! సంక్రాంతికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు సాధించినవాడికి బస్సు సీటొక లెక్కా? తండ్రీ కొడుకులం ఫోన్లూ ల్యాప్‌టాపూ పరుచుకుని యుద్ధానికి కూర్చున్నాం. మా తెరల మీద చక్రం తిరుగుతూనే ఉంది. కోడలు కాఫీ తాగుతూ, ఒంటి చేత్తో నాలుగు సీట్లూ తీసేసింది.

ఆ సరస్సు రంగు గురించి చెప్పాలి. అలాంటి రంగు చీర చూపిస్తే "మరీ గాడీగా ఉంది, మడత పెట్టేయండి" అనే మనిషి మా ఆవిడ. ఆవిడే నోరెళ్ళబెట్టి నిలబడిపోయింది. చుట్టూ పది శిఖరాలు, వాటి మీద మంచు, కింద ఈ నీళ్ళు.

"ఇంత రంగు ఎక్కణ్ణించి వచ్చిందిరా?"

"మట్టి నాన్నా."

పైనున్న గ్లేసియర్లు కదులుతూ కొండని అరగదీస్తాయిట. ఆ రాతి పొడి ఎంత సన్నమంటే, నీళ్ళలో పడ్డా ఒక పట్టాన అడుక్కి దిగదు. ఎండలోని ఎరుపుని నీళ్ళు మింగేస్తాయి, నీలాన్నీ ఆకుపచ్చనీ ఈ పొడి మన కళ్ళ మీదికి చిమ్ముతుంది. మంచు బాగా కరిగే జూన్ చివర, జులైలలో రంగు చిక్కగా ఉంటుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా గోదావరికి ఎర్రనీరు వస్తుంది. అదీ మట్టే! బిందె లోపల ఇండుపగింజ అరగదీసి, ఆ మట్టిని అడుక్కి దింపితే తప్ప మేం తాగేవాళ్ళం కాదు. ఈ మట్టి దిగకూడదని ఇక్కడ ఇంతమంది కోరుకుంటున్నారు. గోదావరి పక్షాన నాకు కాస్త పౌరుషం వచ్చిన మాట నిజం.

ఒకప్పుడు కెనడా ఇరవై డాలర్ల నోటు వెనక ఈ సరస్సు బొమ్మే ఉండేదిట, 1969లోనూ 1979లోనూ వచ్చిన నోట్ల మీద. నోటు మీంచి దిగిపోయినా నోట్ల మీద మమకారం పోలేదు. చిన్న పడవ గంటకి అద్దె వంద డాలర్ల పైమాటే, తెడ్డు మనమే వెయ్యాలి. నేను రూపాయల్లోకి మార్చి ఒడ్డునే ఆగిపోయాను.

నీళ్ళు కనపడితే నెత్తిన చల్లుకోకుండా ఉండలేని మా ఆవిడ, వంగి దోసిలి ముంచి "అమ్మో" అని కేకేసింది. అయినా పుణ్యం ఒక్కర్తే ఉంచుకునే రకం కాదు. "ఏవండీ, మీకూ" అంటూ మిగిలింది నా మీద జల్లింది. నాలుగు చుక్కలు మఫ్లరు సందులోంచి దూరి, వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ నడుం దాకా దిగాయి. అవి కూడా ఒక పట్టాన అడుక్కి చేరలేదు.

బండల మీద పులిహోర డబ్బా తెరవగానే ఒక ఉడత వచ్చి ముందుకాళ్ళు ముడుచుకుని నిలబడింది. "అయ్యో, నీకూ కావాలా తల్లీ" అని మా ఆవిడ ముద్ద తీసింది.

"పెట్టకండి అత్తయ్యా! 25,000 డాలర్ల దాకా జరిమానా!"

ఆవిడ ఉడతకేసి చూసింది, ముద్దకేసి చూసింది, ముద్ద నా చేతిలో పెట్టింది. అంత ఖరీదైన పులిహోర నేనెన్నడూ తినలేదు.

సాయంత్రం ఫోటోలు బంధువుల గ్రూపులో పెట్టాను. నిమిషంలో మా బావమరిది కాకినాడ నుంచి జవాబిచ్చాడు: "ఏ స్టూడియో బావగారూ? వెనక పరదా బ్రహ్మాండంగా ఉంది. జులైలో స్వెట్టరు మాత్రం అతకలేదు, దొరికిపోయారు."