బ్యానరు దాటరాదు

మళ్లీ 2కె రన్ అట. ఈసారి దేనికోసమో అడక్కండి, టీషర్టు మీద ఉంటుంది.

ద్వారకా తిరుమలైనా, ఏలూరైనా, తాడేపల్లిగూడెమైనా ఈ పరుగుకు శాస్త్రం ఒక్కటే. ఆరింటికి రమ్మంటారు, పిల్లలు అయిదున్నరకే వస్తారు, ముఖ్య అతిథి ఎనిమిదింటికి వేంచేస్తారు. జెండా ఊపి, కెమెరా చూసినంతసేపు పరిగెత్తి, కారెక్కుతారు.

అసలు వైభవమంతా బ్యానరుది. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పరుచుకుంటుంది. పట్టుకునేది పెద్దలు. పెద్దల్ని దాటడం మర్యాద కాదు కాబట్టి బ్యానరును ఎవరూ దాటరు. ముందున్నవాళ్లు నడుస్తారు, వెనకున్నవాళ్లు ఆగుతారు, దాని పేరు పరుగు.

మధ్యలో ఎవరు, చివర ఎవరు అనే తగువు తేలేసరికి ఎండెక్కుతుంది. గాలికి చిరగకుండా ఫ్లెక్సీకి పెట్టిన కోత ఒక నాయకుడి ముక్కు మీద పడితే అదింకో పంచాయతీ. ఒకసారి ఎనిమిదో తరగతి కుర్రాడొకడు, పాపం, పరుగంటే పరుగే అనుకుని రివ్వున ముందుకెళ్లిపోయాడు. ఫొటో పాడైందని పీఈటీ మాస్టారు చెవి మెలేసి వెనక్కి తెచ్చారు.

 

మరి నిజంగా పరిగెత్తాలనుకున్నవాళ్లు ఎక్కడికి పోవాలి? హైస్కూలు గ్రౌండుకు తాళం. రోడ్డు అంచున కంకర, పక్కన చేపల లారీలు. కానిస్టేబుల్ పరీక్షకు 1600 మీటర్లు 8 నిమిషాల్లో కొట్టాల్సిన కుర్రాళ్లు చీకట్లో ఆ లారీల పక్కనే సాధన చేస్తున్నారు. ఆడపిల్లలకు గడువు 10 నిమిషాల 30 సెకన్లు. వాళ్లెక్కడ సాధన చేస్తారని అడిగే నాథుడు లేడు. ఫ్లెక్సీలకు డబ్బులుంటాయి, గ్రౌండులో ఒక లైటుకు ఉండవు. తాళం తీయడానికి డబ్బు కూడా అక్కర్లేదు కదా! సిగ్గుండాలి.

కొత్తవాళ్లకు పరుగు ఎలా అలవాటవుతుందో 1996లోనే అమెరికాలో జాష్ క్లార్క్ అనేవాడు వాళ్లమ్మ కోసం రాసిపెట్టాడు. మొదటి వారం నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, అలా ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులు. తొమ్మిది వారాలకు అయిదు కిలోమీటర్లు. మాట్లాడుతూ పరిగెత్తలేకపోతే వేగం ఎక్కువైనట్టే. మొక్కుకుని భీమడోలు నుంచి ద్వారకా తిరుమల కొండకు నడిచొచ్చే ముసలమ్మలకు ఈ కిటుకు ఎవరూ నేర్పలేదు: ఆయాసమొస్తే ఆగుతారు, కాసేపు కబుర్లాడతారు, మళ్లీ కదులుతారు. నిన్న వేపచెట్టు దగ్గరే చతికిలబడ్డవాడు ఇవాళ మలుపుదాకా వెళ్లాడంటే, ఆ సంబరం వాడొక్కడిదే. దానికి ముఖ్య అతిథి దేనికి?

టీషర్టులు పంచే పెద్దల్లో ఎవరి దగ్గరైనా ఆ గ్రౌండు తాళంచెవి ఉంటే, రేపు నాలుగున్నరకు లేచి తీయండి. ఫొటోగ్రాఫర్‌ను మాత్రం వెంట తేకండి.