ఆర్టిస్టుల పేట ఎక్కడ మామా?

"మామా, మీ బళ్ళారిలో ఆర్టిస్టుల పేట ఎక్కడ?"

నాలుగు రోజులుగా ఇదే. పళ్ళు తోముకుంటుంటే ఇదే, ఉగ్గాని ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే ఇదే. మా మేనల్లుడు పారిస్ వెళ్ళొచ్చాడు. వెళ్ళినవాడు ఈఫిల్ టవర్ చూసి ఊరుకోవచ్చు కదా, మోంమార్త్ర్ అనే గుట్టెక్కాడు. పికాసో చేతిలో కాసుల్లేని రోజుల్లో తలదాచుకున్న గుట్ట అది. ఇప్పుడక్కడ చిత్రకారులు వరసగా కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మొహాలు గీస్తుంటారు. వీడూ గీయించుకున్నాడు. ఆ బొమ్మ చూసి మా అక్క, అంటే వీణ్ణి కన్నతల్లి, "ఎవర్రా ఈ అబ్బాయి? ఏదైనా సంబంధమా?" అంది.

ప్రతి ఊరికీ అలాంటి పేట ఒకటి ఉండి తీరుతుందట. దాన్ని నడిచే చూడాలట. మే నెలలో. బళ్ళారిలో.

లేదురా అంటే పోయేది. పరువు అడ్డొచ్చింది. హైదరాబాదులో ఎవరితోనైనా మాది బళ్ళారి అంటే చాలు, "గనులు ఎన్నండీ?" అంటారు. ఇంటికి తెచ్చుకునే ఎర్రదుమ్ము తప్ప ఇనుముతో నాకే సంబంధమూ లేదు. ఆ ఉక్రోషంలో నోరు జారాను. "ఒరే, తెలుగు నాటకాన్ని సాకిన ఊరురా ఇది. రేపు పొద్దున ఆరింటికి బయల్దేరు."

రాత్రంతా నిద్ర లేదు. చెప్పుకోవడానికి పేర్లు లేక కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో ఇక్కడే సరసవినోదినీ సభ పెట్టారు. నాటకమంటే చివర్లో మంగళం పాడి ఇంటికి పంపాలనే రోజుల్లో 'విషాద సారంగధర' రాసి జనాన్ని ఏడిపించి పంపారు. ఆయనకు పోటీగా కోలాచలం శ్రీనివాసరావు గారి సుమనోరమ సభ. ఈయన చరిత్ర నాటకాలు రాసింది చాలక, ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో రాసి అచ్చు వేయించారు. ఇక ధర్మవరం వారి మేనల్లుడే బళ్ళారి రాఘవ. ఇంటిపేరు తాడిపత్రి అయినా లోకం మా ఊరి పేరే తగిలించింది.

చిక్కల్లా ఏమిటంటే, ముగ్గురూ ప్లీడర్లు.

పారిస్ కళాకారుడంటే మాసిన గడ్డం, చిరిగిన కోటు, మూడు నెలల అద్దె బాకీ. మా కళాకారులు ఇస్త్రీ చేసిన నల్లకోటుతో పొద్దున కోర్టుకు పోయి, సాయంత్రం ఆ కోటు విప్పి కిరీటం పెట్టుకున్నవాళ్ళు. అప్పుల్లో ఉన్నవాళ్ళను చూపించమంటే వాళ్ళ కక్షిదారులను చూపించాలి. అలాంటివాళ్ళకు ప్రత్యేకంగా ఒక పేట ఎందుకుంటుంది?

రాయల్ సర్కిల్ దగ్గర మొదలుపెట్టాం. ఏడున్నరకే చొక్కా వీపుకు అంటుకుంది. కౌల్‌బజార్ వైపు జీన్స్ కుట్టే గల్లీలో వాడి కాళ్ళు ఆగాయి. నేనూ ఆగాలి, ఈ జీన్స్‌తో నాకు పాతకక్ష ఉంది. ఒకప్పుడు దండులో సిపాయిలకు బట్టలు కుట్టిన దర్జీల చేతుల్లోంచే మా ఊరి జీన్స్ పని పుట్టిందంటారు. సంతోషం. కానీ ఏం చేస్తారో చూడండి. గుడ్డ కత్తిరించి, కుట్టి, రంగు దిగేదాకా ఉతికి, ఆ తర్వాత గరగర తిరిగే చిన్న చక్రంతో మోకాళ్ళ దగ్గర అరగదీస్తారు. కూలి ఇచ్చి మరీ కొత్తదాన్ని పాతది చేయిస్తారు! నా చిన్నప్పుడు ఈ పని నేను ఉచితంగా చేసేవాణ్ణి. గోలీలాడి వారంలో రెండు మోకాళ్ళూ చించుకొస్తే అమ్మ వీపు విమానం మోత మోగించేది. తర్వాత వేరే రంగు గుడ్డతో అతుకు వేసేది. ఇప్పుడు అతుకుల ప్యాంటు చిరుగుల ప్యాంటు కంటే ప్రియమట. ఆ లెక్కన ఐదో తరగతిలో నేను మా స్కూలు మొత్తానికి శ్రీమంతుణ్ణి.

ఇవాళ్టికీ నా చిరుగుకు విలువ లేదు. పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె నా ప్యాంటును వెలుతురుకు పట్టి చూసి, "మోకాలు పోయిందమ్మా, దీనికి చెంచా కూడా రాదు" అని మా ఆవిడ వైపు విసిరేస్తుంది. మేనల్లుడి ప్యాంటుకు రెండు మోకాళ్ళూ బయటే ఉన్నాయి. యూరోలు పోసి కొన్నాడు. న్యాయంగా దానికి ప్రెషర్ కుక్కర్ రావాలి.

గల్లీలో చక్రం పట్టుకున్న కుర్రాడు పని ఆపి చూశాడు. మావాడి మొహం కాదు, మోకాళ్ళు. దగ్గరికొచ్చి వంగి, ఒక దారం రెండు వేళ్ళతో లాగాడు. పెదవి విరిచాడు.

"ఎవరో తొందరలో చేసినారు సార్. నీలం నిలువుదారం పోవాల, తెల్ల అడ్డదారం నిలబడాల. ఇట్ల రెండూ తెగితే నాలుగు ఉతుకులకు నోరు తెరుస్తాది." అని మళ్ళీ తన చక్రం దగ్గరికి పోయి, చెవి వంచి దాని చప్పుడు వింటూ ఇంకో మోకాలు మొదలుపెట్టాడు.

"మామా," అన్నాడు మావాడు, "ఆర్టిస్టుల పేట ఇంకా ఎంత దూరం?"

రాఘవ కళామందిరం ముందు నిలబడ్డాం. ఆ పూట నాటకమేదీ లేదు. 1953 అక్టోబరు 1న మేం మైసూరు రాష్ట్రంలోకి వచ్చాం కాబట్టి బోర్డు కన్నడంలో ఉంది. "ఏం రాశారు మామా?" అన్నాడు. "తెలుగులో రాసినా నన్నే అడిగేవాడివి కదరా" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, ఆపైన వాడు చాలాసేపు మాట్లాడలేదు.

నిజానికి నా కోపం వాడి మీద కాదు. మా నాన్న నన్ను ఈ వీధుల్లోనే చెయ్యి పట్టుకుని తిప్పేవాడు. ఏ ఇంటి వసారాలో రిహార్సల్సు జరిగేవో, ఏ అరుగు మీద హార్మోనియం పెట్టేవాళ్ళో వేలు పెట్టి చూపించాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. అప్పుడు నా చూపు మిరపకాయ బజ్జీల బండి మీద ఉండేది. నాన్న పోయి పద్దెనిమిదేళ్ళు. ఆ ఇళ్ళలో ఎన్ని మిగిలాయో, ఏవి మిగిలాయో నాకు తెలియదు. ధర్మవరం వారి మేనల్లుడు బళ్ళారి రాఘవ అయ్యాడు, నాకేమో వీడు దొరికాడని దారి పొడుగునా లోపల గొణుక్కుంటూ వచ్చాను. వీడికి దొరికిన మేనమామ మాత్రం ఏపాటి?

"వాళ్ళు రిహార్సల్ చేసిన ఇల్లు ఒక్కటైనా చూపించు మామా" అన్నాడు, ఈసారి మెల్లగా.

ఎదురుగా ఒక పాత ఇల్లు. చెక్క స్తంభాలు, అరుగు, పైన తర్వాత లేపిన సిమెంటు గది. "అదిగో" అన్నాను.

వాడు చెప్పులు విప్పి ఆ అరుగు మీద కూర్చున్నాడు. రాతిని చేత్తో నిమిరాడు. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. ఇంతలో తలుపు తెరుచుకుని లుంగీ కట్టుకున్న పెద్దాయన బయటికొచ్చి మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"బాడిగెగా సార్? మేల్గడె మనె ఖాలి ఇదె. అడ్వాన్సు మాత్రం పది నెలలది."