గుర్రం నెరిసింది, కాగితం నెరవలేదు

పెళ్లి ఊరేగింపులో వరుడు ఎక్కే తెల్ల గుర్రం చాలాసార్లు తెల్లది కాదు. నమ్మకపోతే బ్యాండు మేళం ఊపిరి పీల్చుకునే సందులో దగ్గరికెళ్లి దాని ముక్కు చూడండి. తోలు గులాబీగా ఉంటే సరే, తెలుపే. నల్లగా ఉందా, రేసు గుర్రాల లెక్కలో దాని రంగు గ్రే. పుట్టినప్పుడు అది ఎర్రగానో నల్లగానో ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ మనకు మల్లేనే నెరిసింది. పెళ్లికొడుకు రంగు వేసుకుని వస్తాడు, గుర్రం వేసుకోదు. అంతే తేడా.

ఇక రేసు గుర్రాల నమోదు సంగతి. పిల్ల పుట్టగానే నింపాల్సిన కాగితంలో 'రంగు' అని ఒక గడి ఉంటుంది. బే అంటే ఒళ్లు ఎర్రగోధుమ. జూలు, తోక, కాళ్ల చివర్లు నలుపు. చెస్ట్‌నట్ అంటే ఒళ్లూ జూలూ అంతా రాగి. వినడానికి బాగానే ఉంది. కానీ బే పిల్ల కాళ్లు పుట్టినప్పుడు వెలిసిపోయినట్టు ఉంటాయి, నల్లబడేది తొలి బొచ్చు రాలాకే. గ్రే కాబోయే పిల్ల అచ్చం చెస్ట్‌నట్‌లాగో బేలాగో పుట్టి అందరినీ వెర్రివాళ్లను చేస్తుంది. అందుకే చెయ్యి తిరిగినవాడు ఒళ్లు చూడడు. పిల్ల తల పట్టుకుని కంటిరెప్పలు చూస్తాడు. కళ్లజోడు పెట్టినట్టు చుట్టూ తెల్ల వెంట్రుకలు కనిపిస్తే గ్రే అని రాస్తాడు. తల్లిదండ్రుల్లో ఒకరైనా గ్రే కాకపోతే పిల్ల గ్రే కాదు. 2008లో స్వీడన్ శాస్త్రవేత్తలు దీని గుట్టు కూడా విప్పారు: ఒక జన్యువులో సుమారు 4,600 అక్షరాల ముక్క రెండుసార్లు పడిందట. గుమాస్తా ఒకే పేరా రెండుసార్లు ఎత్తి రాస్తే గుర్రం నెరిసిపోయింది!

ఇంతకీ ఆ గడి దేనికి? తల్లిదండ్రులెవరో డీఎన్‌ఏ చెబుతుంది. గుర్రం ఏదో మెడలోని మైక్రోచిప్ చెబుతుంది. అయినా రంగు రాయందే కాగితం కదలదు. మలక్‌పేట రేసుకోర్సులో పందెం కాసేవాడు ఆ ఒక్క ముక్క పట్టుకుని జాతకం చెబుతాడు: చెస్ట్‌నట్ ఆడగుర్రమా, కోపిష్టిది, నమ్మకు. నమ్మి కాసినా పోతుంది, నమ్మక మానుకున్నా పోతుంది. తప్పు మాత్రం రంగుదే.

అనంతపురం వాళ్లకు గుర్రాల గొడవ ఎందుకంటారా? మడకశిర దాటితే తుమకూరు జిల్లా, అందులోనే కుణిగల్ గుర్రాల ఫారం, టిప్పు కాలం నాటిది. అదీ కాక, ఈ పిచ్చి మనకు కొత్త కాదు. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాలకు 'హయలక్షణ విలాసం' అని ఏకంగా తెలుగు కావ్యమే రాశాడు. మా ఎద్దుల సంతలో ఇప్పటికీ పళ్లు చూశాక సుడులు చూస్తారు. తువాలు కింద వేళ్లు పట్టుకుని బేరం తెగబోతుంటే, పక్కనుంచి ఒక పెద్దాయన "సుడి బాగాలేదప్పా" అంటాడు. అయిదు వేలు తగ్గుతుంది. నవ్వకండి, రేసు గుర్రాలు నమోదయ్యే స్టడ్ బుక్కు కాగితంలోనూ సుడి ఎక్కడుందో గుర్తు పెడతారు. అక్కడ అది గుర్తింపు, ఇక్కడ అదృష్టం.

గుర్తింపు అంటే విజయనగర రాజు సాళువ నరసింహుడిదే. గుర్రాలు చచ్చినా బతికినా మూడింటికి వెయ్యి పర్దావు నాణేల లెక్కన కొన్నాడట; సముద్రంలో చచ్చినవాటికి తోక తెచ్చి చూపిస్తే చాలట. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. నాదొక్కటే అనుమానం. బేకీ నల్లదానికీ తోక నలుపే కదా, ఆ ఖజానా గుమాస్తా రంగు గడిలో ఏం రాసుకున్నాడో!

గుర్రాన్ని అంటున్నాం గానీ, మనుషుల్నీ రంగులోనే రాసుకున్నాం. పేదలకు తెల్ల రేషన్ కార్డు, కలిగినవాళ్లకు గులాబీ కార్డు ఉండేవి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని నేలలో, ఒక ఏడు శనక్కాయ పండి మరుసటి ఏడు ఎండితే ఇంటి రంగు మారిపోయేది, కార్డు రంగు మారేది కాదు. మా వీధిలో ఒకాయనకు గులాబీ ఉండేది. బోరు ఎండింది, ఎద్దుల్ని అమ్మాడు, తల నెరిసింది. కాగితంలో మాత్రం పదేళ్ల పాటు కలిగినవాడే. పెనుకొండ సంగతి తిరగేసిన కథ. కొండ అంగుళం కదల్లేదు, 2022 ఏప్రిల్ 4న జిల్లా మారింది. కాగితం తలుచుకుంటే కొండనైనా కదిలిస్తుంది, తలుచుకోవడమే అరుదు.

ఈ విషయంలో గుర్రం వాళ్లే నయం. పిల్ల పెరిగి రంగు తేలాక ఫొటోలు పంపి స్టడ్ బుక్కులో దిద్దించుకోవచ్చు. గుర్రం నెరిసిందని ఒప్పుకోవడానికి వాళ్లకు నామోషీ లేదు. కాబట్టి అన్ని రకాల ఫారాలు అచ్చువేసే అయ్యవార్లకు ఒక మనవి: రంగు అన్న గడి తీసేయమనడం లేదు, దాని పక్కన 'ప్రస్తుతానికి' అన్న మాట ఒక్కటి చేర్చండి. సిరా ఖర్చు మా వీధి వాళ్లం చందా వేసుకుంటాం.