విస్తట్లో కాకిలెక్కలు

జనవరి 1న మొదలుపెట్టిన క్యాలరీల లెక్క భోగిమంట దాకా బతికిందంటే ఆ మనిషికి శాలువా కప్పాల్సిందే. మొదటిరోజు ఉంటుంది చూడండి, ఆ శ్రద్ధ! ఇడ్లీలు రెండు, అల్లప్పచ్చడి చెంచాన్నర, కాఫీలో పాలు 100 మిల్లీలీటర్లు, పంచదార నిల్లు. ఏరి పక్కన పెట్టిన కరివేపాకుతో సహా సర్వం పద్దుకెక్కుతుంది. నాలుగోనాటికి పచ్చడి జారుకుంటుంది. వారం తిరిగేసరికి దాని వెనకే నూనె. ఆపైన 'టిఫిన్, మామూలే' అని ఒక్క ముక్క. పండక్కి అరిసెల డబ్బా మూత తెరుచుకున్న రోజున యాప్ మూతపడుతుంది.

రెండ్రోజులు ఓపిక పట్టి ఫోను పలకరిస్తుంది: "ఈరోజు మీరేమీ తినలేదా?" తిన్నాం తల్లీ. తిన్నాం కాబట్టే రాయలేదు.

ఇందులో వింతేమీ లేదు, ఆరంభశూరత్వం మనకేం కొత్తా? వింతంతా ఆ తర్వాతే. లెక్క ఆగిందని తెలియగానే నాలుగువైపుల నుంచీ వైద్యులు దిగుతారు. 'మీకు మోటివేషన్ తగ్గిందండీ' అని రోగానికి పేరు వాళ్లే పెడతారు, మందూ వాళ్లే అమ్ముతారు. తెల్లారి ఐదింటికి వాట్సాప్ గ్రూపులో సూర్యోదయం బొమ్మ, దాని మీద ఒక సూక్తి. వరసగా వారం రాస్తే ఒక పతకం, నెల రాస్తే ఇంకో పతకం, ఒక్కపూట తప్పితే మళ్లీ సున్నా నుంచి. మా కాలనీలో గ్రూపు నడిపే కోచ్‌గారు నిరుడు నాకు బీమా పాలసీ అంటగట్టాడు. అప్పుడు నేను పోతే డబ్బులిస్తానన్నాడు, ఇప్పుడు నా పొట్ట పోవాలంటే డబ్బులు కట్టమంటున్నాడు.

వీళ్లందరి మూలమంత్రం ఒకటే: 21 రోజులు పట్టుబట్టండి, అలవాటైపోతుంది. ఈ 21 ఎక్కడిదో ఎవరూ అడగరు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్ ఉండేవాడు. ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో తమ కొత్త ముఖానికి అలవాటు పడాలంటే తక్కువలో తక్కువ 21 రోజులు పడుతోందని 1960లో ఒక పుస్తకంలో రాశాడు. ఆయన చెప్పింది ముక్కు సంగతి, వీళ్లు పట్టుకున్నది మూతి సంగతి. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీవాళ్లు 96 మందిని కూర్చోబెట్టి నిజంగానే చూశారు. మంచినీళ్లు తాగడం, పండు తినడం లాంటి చిన్నపనులు అలవాటు కావడానికే సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా కావాలని తేల్చారు. ఈ 254 మాత్రం ఏ సూర్యోదయం బొమ్మ మీదా కనిపించదు.

అసలీ లెక్కల పిచ్చికి నూరేళ్లు దాటాయి. 1918లో లాస్ ఏంజిలస్ డాక్టరమ్మ లులు హంట్ పీటర్స్ క్యాలరీల మీద ఒక పుస్తకం రాసింది, వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోయింది. రొట్టెముక్క అనకండి, 100 క్యాలరీల రొట్టె అనండి అని బోధించింది. మొదటి ప్రపంచయుద్ధం రోజులు కాబట్టి తిండి తగ్గించడాన్ని దేశభక్తి ఖాతాలో కూడా వేసింది. అంటే ఈ విద్యకి తొలినాటినుంచీ పక్కన ఒక జెండా కావాల్సే వచ్చింది. ఒట్టి లెక్క ఒంటరిగా నిలబడదని ఆవిడకి అప్పుడే తెలిసినట్టుంది.

ఆవిడకన్నా ముందు విల్బర్ అట్‌వాటర్ అనే శాస్త్రజ్ఞుడు. పిండిపదార్థానికి గ్రాముకి 4 క్యాలరీలు, మాంసకృత్తులకి 4, కొవ్వుకి 9 అని పందొమ్మిదో శతాబ్దం చివర ఆయన కట్టిన సగటు లెక్కే ఇవాళ్టి ఫోన్లలోనూ ఆడుతోంది. సగటు అన్నాను గమనించండి. 2012లో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు బాదంపప్పు తినిపించి చూస్తే, 28 గ్రాముల్లో 170 దాకా ఉంటాయనుకున్న క్యాలరీలు ఒంటికి పట్టింది 129. మిగతావి లెక్కలో ఉన్నాయి, ఒంట్లో లేవు. ప్యాకెట్టు మీద వేసిన అంకె కన్నా లోపల 20 శాతం దాకా ఎక్కువున్నా అమెరికా నిబంధనలు ఊరుకుంటాయి. ఇంత చెప్పినా మన యాప్ మాత్రం మధ్యాహ్న భోజనం 347 అని ఒకట్ల స్థానం దాకా తేల్చేస్తుంది. 350 అంటే నమ్మమని కాబోలు.

ప్యాకెట్టు తిండికే ఈ గతి పడితే, మన విస్తరి సంగతి వేరే చెప్పాలా? జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. 2017లో 528 రకాల ఆహారపదార్థాలను పరీక్షించి పట్టికలు అచ్చువేసింది. ఆ పనికి నేను రెండు చేతులూ జోడిస్తాను. అయితే కందిపప్పులో ఏముందో ఆ పట్టిక చెబుతుంది గానీ, ఆ పప్పు మా అత్తగారి చేతిలో పడ్డాక ఏమవుతుందో చెప్పడం దాని తరం కాదు.

కిందటి పండక్కి తెనాలిలో నేనూ మా తోడల్లుడూ పక్కపక్కన కూర్చున్నాం. అతను కుడిచెయ్యి విస్తట్లో పెట్టి ఎడంచేత్తో ఫోనులో గుత్తివంకాయ కోసం వెతుకుతున్నాడు. 'స్టఫ్‌డ్ ఎగ్‌ప్లాంట్, మెడిటరేనియన్ స్టైల్' అని వచ్చింది. సరే అన్నాడు. ఉలవచారుకి 'లెంటిల్ సూప్' అంది. దానికీ సరే అన్నాడు. బొబ్బట్టుకి 'స్వీట్ పాన్‌కేక్, స్మాల్' అనేసరికి ఎంతో తృప్తిగా తలూపాడు, ఆ 'స్మాల్' అన్నమాట బాగా నచ్చినట్టుంది. ఈలోగా మా అత్తగారు నేతిగిన్నె పట్టుకొచ్చారు. "చాలండీ అత్తయ్యగారూ" అని ఇతను చెయ్యి అడ్డం పెడితే, ఆవిడ ఆ వేళ్ల సందుల్లోంచే ధార వదిలారు. "ఎంత బాబూ, చుక్క" అన్నారు. ముద్దపప్పు మధ్యలో గుంట నిండి, నెయ్యి ఆవకాయ దాకా పారింది. ఇతను ఎడంచేత్తో 'నెయ్యి, 1 చెంచా' అని కొట్టాడు. తెర పచ్చరంగులోకి తిరిగింది. "ఇంకా 212 క్యాలరీల బడ్జెట్ ఉంది అన్నయ్యా" అని ఇంకో స్మాల్ పాన్‌కేక్ వేయించుకున్నాడు.

అతన్ని నేను తప్పుపట్టను, అతని వెనక పెద్ద పరంపరే ఉంది. 1,200 క్యాలరీలు కూడా తినడం లేదు, అయినా బరువు తగ్గడం లేదు మొర్రో అన్నవాళ్లని 1992లో న్యూయార్క్ పరిశోధకులు పరీక్షించారు. వాళ్ల ఒంట్లో తేడా ఏమీ దొరకలేదు. తేడా అంతా పద్దులో దొరికింది. తిన్నది సగటున 47 శాతం తక్కువ చెప్పారు, చేసిన శ్రమ 51 శాతం ఎక్కువ చెప్పారు. వాళ్లకి అప్పటికింకా స్మార్ట్‌ఫోన్ లేదు పాపం. ఉండుంటే తప్పుడు లెక్కకి పతకం కూడా దక్కేది.

పతకమంటే గుర్తొచ్చింది. వరస తెగకూడదనే ఈ నియమం ఉంది చూశారూ, కాకిలెక్కలకి ఇంతకన్నా మంచి ఎరువు లేదు. యాప్ లెక్కపెట్టేది మీరు రాసిన రోజుల్ని, నిజం రాసిన రోజుల్ని కాదు. పెళ్లిభోజనం చేసొచ్చి రాత్రి పన్నెండుకి రెండు నిమిషాల ముందు 'టీ, 1 కప్పు' అని కొడితే వరస నిలబడుతుంది. మా గ్రూపులో ఒకాయనకి నెల పతకం వచ్చింది. ఆ పద్దు ప్రకారం ఆయన మూడు ఆదివారాలు కేవలం తేనీరు సేవించి జీవించాడు.

దీనికి కోచ్‌ల దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. 2008లో అమెరికాలో దాదాపు 1,700 మంది మీద చేసిన అధ్యయనంలో, రోజూ తిండి రాసుకున్నవాళ్లు రాయనివాళ్ల కన్నా రెట్టింపు బరువు తగ్గారు. నిజమే, కాదనను. వాళ్లంతా వారంవారం సమావేశాలకి వెళ్లినవాళ్లనీ, ఏం తినాలో చెప్పే మనుషులు ఎదురుగా ఉన్నారనీ మాత్రం మన కోచ్‌లు చెప్పరు. ఇంకో సంగతి. రాసినందువల్ల తగ్గారా, తగ్గుతున్నందువల్ల హుషారుగా రాశారా? బరువు దిగుతున్నప్పుడు రోజుకి రెండుసార్లు తూచుకునే మనిషే, ఎక్కుతున్నప్పుడు తూకం మిషన్‌ని మంచం కిందికి తోస్తాడు.

పైగా ఉత్సాహం చచ్చిపోవడంలో కడుపు వాటా ఎంతో ఎవరూ మాట్లాడరు. 1944-45లో మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకి 24 వారాలపాటు అర్ధాకలి తిండి పెట్టి చూశాడు. వాళ్లకి పగలూ రాత్రీ తిండి ధ్యాసే. కొందరు వంటపుస్తకాలు పోగుచేసుకుని నవలల్లా చదువుకున్నారు. వాళ్లకి రోజుకి దక్కింది దాదాపు 1,570 క్యాలరీలు. వాళ్లు లావుపాటివాళ్లు కారు, బాగా నడిచారు కూడా, కాబట్టి మనతో సరిపోల్చడం పూర్తిగా న్యాయం కాదు. అయినా ఆ ప్రయోగానికి అర్ధాకలి అని పేరుపెడితే, మీ ఫోను మీకు 1,200 కేటాయించి దాన్ని 'హెల్తీ గోల్' అంటోంది. మూడోవారానికి మీరు బిర్యానీ వీడియోలు చూస్తున్నారంటే సంకల్పబలం సన్నగిల్లినట్టు కాదు. ఆకలేస్తున్నట్టు.

ఈ మొత్తం వ్యవహారంలో కచ్చితంగా బరువు తగ్గిందని నేను పూచీపడి చెప్పగలిగేది ఒక్కటే. మైఫిట్‌నెస్‌పాల్ అనే యాప్‌ని 2015లో 47.5 కోట్ల డాలర్లకి కొన్న కంపెనీ, 2020లో దాన్ని 34.5 కోట్లకి అమ్ముకుంది. ఐదేళ్లలో 13 కోట్ల డాలర్లు కరిగాయి. ఆ తర్వాత 2022లో ప్యాకెట్టు మీది గీతల్ని చదివే సదుపాయాన్ని కూడా డబ్బు కట్టినవాళ్లకే అన్నారు. ఉత్సాహం తగ్గేది మనకి, చందా పెరిగేది వాళ్లకి.

మా వీధి చివర కిరాణాకొట్టు శెట్టిగారిని చూడండి. ముప్పై ఏళ్లుగా రాత్రి షట్టర్ దించే ముందు అరువుఖాతా రాస్తాడు. ఆయనకి ఎవరూ సూర్యోదయం బొమ్మ పంపలేదు. ఆవులిస్తూనే రాస్తాడు, విసుక్కుంటూనే రాస్తాడు. రాయకపోతే సొమ్ము పోతుంది, అంతే. పైగా కొట్లో అమ్మిన ప్రతి అగ్గిపెట్టెనూ రాయడు, ఎగ్గొట్టే అవకాశం ఉన్నదే రాస్తాడు. మనం కరివేపాకు రెబ్బలు రాసి నెయ్యి ఎగ్గొడతాం.

అసలు మన తిండిలెక్క శెట్టిగారి ఖాతాలో ఎప్పుడో రాసిపెట్టే ఉంది. లీటరు నూనెలో 8 వేల క్యాలరీలకి పైనే ఉంటాయి. నలుగురున్న ఇంట్లో నెలకి ఐదు లీటర్లు ఖర్చయిందంటే తలకి రోజుకి 340 దాకా నూనె ఒక్కటే. పంచదార, బెల్లం, మైదా కూడా ఆయనిచ్చే నెల బిల్లులోనే ఉంటాయి. నెలకోసారి చూస్తే చాలు. అందులో చెంచాలుండవు, 'స్మాల్' ఉండదు, మనం నొక్కి మార్చడానికి బటనూ ఉండదు, ఎందుకంటే రాసింది మనం కాదు.

ఈ సంగతే కోచ్‌గారికి వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, బిల్లు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఐడియా అదిరింది సార్," అన్నాడు. "దీన్ని 21 రోజుల ఛాలెంజ్‌గా పెడదాం. ఎంట్రీ ఫీజు 499."