మూడో వరుస

ఫోన్‌కి వైఫై, 4జీ, శాటిలైట్ మూడూ అందుతుంటే దేన్ని పట్టుకోవాలో లెక్క కట్టి చెప్పడం ఎంటెక్‌లో నా ప్రాజెక్టు. సాటీ ఏహెచ్‌పీ, హ్వాంగ్, యూన్‌ల టాప్సిస్ లాంటి పద్ధతులు చాలా ఉన్నాయి. నేను అన్నిటికంటే తేలికైనది తీసుకున్నాను. వేగానికి కొన్ని మార్కులు, ఆలస్యానికి కొన్ని మార్కులు వేసి కూడటమే. ప్రతి అంశంలోనూ అన్నిటికంటే మెరుగైనదానికి 1, మిగతావాటికి దాన్నిబట్టి.

మొదట రెండే పెట్టాను. వైఫై వేగం 40 ఎంబీపీఎస్, సిగ్నల్ వెళ్లి రావడానికి 50 మిల్లీసెకన్లు. 4జీకి 20, 40. రెండు అంశాలకూ చెరిసగం. వైఫైకి 0.9, 4జీకి 0.75 వచ్చాయి. తర్వాత శాటిలైట్ వరుస చేర్చాను: 200 ఎంబీపీఎస్, 600 మిల్లీసెకన్లు. అంతే, 4జీ 0.55తో మొదటికొచ్చింది, వైఫై 0.5తో చివరికి పోయింది. ఆ రెండింటి అంకెలు నేను ముట్టుకోలేదు.

కోడ్‌లో తప్పుందని రాత్రంతా వెతికాను. దొరకలేదు. తెల్లారాక ఆ మూడో వరుస తీసేసి, రెండింటి ఫలితమే రిపోర్టులో పెట్టాను. వైవాలో ఎవరూ అడగలేదు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కోడ్ సరిగ్గానే ఉంది. 200 వచ్చి చేరగానే వేగంలో వైఫై మార్కు 1 నుంచి 0.2కి, 4జీది 0.5 నుంచి 0.1కి పడ్డాయి. వాటి మధ్య 0.5 ఉన్న తేడా కాస్తా 0.1 అయింది. ఆలస్యంలో 4జీకి ఉన్న 0.2 ఆధిక్యం మాత్రం చెక్కుచెదరలేదు. ఇలా స్థానాలు తారుమారవుతాయని ఏహెచ్‌పీ విషయంలో బెల్టన్, గియర్ 1983లోనే చూపించారు. నేను చదవలేదు.

అంతకంటే పెద్ద తెలివితక్కువతనం ఇంకొకటి. నెట్‌వర్కులను ఒకదానితో ఒకటి పోల్చానే గాని, ఫోన్‌లో మాట్లాడే మనిషికి ఎంత కావాలో ఒక్కసారీ అడగలేదు. పాత డిజిటల్ టెలిఫోన్‌లో మాటకు 64 కేబీపీఎస్ సరిపోయేది. 20 ఎంబీపీఎస్, 40 ఎంబీపీఎస్ రెండూ దానికి ఎక్కువే. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపైతే సంభాషణ హాయిగా సాగుతుందని ఐటీయూ ప్రమాణం. వైఫై, 4జీ రెండూ ఆలోపే. శాటిలైట్‌కి ఒకవైపే దానికి రెట్టింపు పడుతుంది. మాట్లాడేవాళ్లిద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆగిపోతారు.

కాబట్టి ముందు శాటిలైట్‌ని పక్కన పెట్టాలి. మిగిలిన రెండింటికీ పూర్తి మార్కులివ్వాలి. ఫోన్ ఇప్పుడు దేనిమీదుంటే దానిమీదే ఉండనివ్వాలి, అది కావలసిన స్థాయి కంటే దిగజారేదాకా. ఎందుకంటే ప్రతి మార్పుకీ మాట తెగే ప్రమాదముంది. నా పట్టికను నమ్మిన ఫోన్ అయితే, ఆకాశంలో శాటిలైట్ కనిపించినప్పుడల్లా 4జీకి, కనబడకపోతే వైఫైకి దూకుతూ ఉండేది, ఆ రెండింటిలో ఏ మార్పూ లేకుండానే.