ఏడు మండలాల సర్వీసు రిజిస్టరు

పోలవరం లేని పోలవరం జిల్లా మొత్తానికి వచ్చేసింది. జిల్లా కేంద్రం రంపచోడవరం. పోలవరం ఊరేమో నిక్షేపంగా ఏలూరు జిల్లాలోనే ఉంది. పేరు ఒకచోట, ఊరు ఇంకోచోట, ప్రాజెక్టులో మునిగేవాళ్లు మరోచోట. 2025 డిసెంబరు ఆఖర్లో అమల్లోకి వచ్చిన ఈ ఏర్పాటు పరిపాలనా సౌలభ్యం కోసమేనని పెద్దలు సెలవిచ్చారు. గుమస్తాని ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకి విసిరేసే ప్రతి ఉత్తర్వులోనూ రాసే కారణమే ఇది. దాంతో ఒక సంగతి తేటతెల్లమైంది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాల్ని మనమంతా ఇన్నాళ్లూ భూమి, అడవి, ఊళ్లు అనుకుంటూ పొరబడ్డాం. అవి ప్రభుత్వోద్యోగులు. అదీ పైరవీ చేసుకునే స్తోమత లేని చిన్న ఉద్యోగులు.

ఒప్పుకోకపోతే వాటి సర్వీసు రిజిస్టరు తిరగేయండి. ఇవన్నీ ఉన్న భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం కొలువు నుంచి బ్రిటిష్ కొలువుకి మారింది. 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకి బదిలీ. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి బదిలీ. 2014లో, భద్రాచలం పట్టణాన్ని వదిలేసి, మళ్లీ తూర్పు గోదావరికి. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాకి. ఇప్పుడు పోలవరం జిల్లాకి. కూనవరంలో శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు మాత్రం అంగుళం కదల్లేదు. పన్నెండేళ్లు తిరక్కుండా ఆ ఒడ్డున ఉన్న మనిషికి నాలుగో జిల్లా వచ్చింది. కులధ్రువీకరణ పత్రం కోసం కలెక్టరేటు గుమ్మం ఎక్కాలంటే ముందు ఏ ఊరి బస్సెక్కాలో వాకబు చేసుకోవాలి. పాడేరుతో పోలిస్తే రంపచోడవరం దగ్గరే కదా అంటారు. నిజమే, ఆ మేరకు మేలే. కానీ పాడేరుకి ఈ మండలాల్ని పంపిందెవరు? ముందు దూరపు ఊరికి బదిలీ చేసి, మూడేళ్లు పోయాక కాస్త దగ్గరికి మార్చి, దండలు వేయించుకోవడం బదిలీల శాఖలో పాత విద్య.

అన్నిట్లోకీ అసలు ఘనత 2014 బదిలీది. ఆ ఏడాది ఏప్రిల్ 30న ఈ మండలాల జనం తెలంగాణ ప్రాంత ఓటర్లుగా వరసల్లో నిలబడ్డారు. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం వాళ్ల ఓటు భద్రాచలం శాసనసభ స్థానానికి, మహబూబాబాద్ లోక్‌సభ స్థానానికి. కుక్కునూరు, వేలేరుపాడు వాళ్ల ఓటు అశ్వారావుపేటకి. మే 16న ఫలితాలొచ్చాయి. పదమూడు రోజులకి, మే 29న, ముంపు ప్రాంతంలోని ఏడు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌కి మార్చే ఆర్డినెన్సు వచ్చింది. ఓటర్లు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లిపోయారు, వాళ్లు ఎన్నుకున్న ఎమ్మెల్యేలు తెలంగాణలో మిగిలిపోయారు. ఎంత చిన్న ఆఫీసులోనైనా బదిలీ అంటే ఒక పద్ధతుంటుంది. రిలీవ్ చేయాలి, బీరువా తాళాలు లెక్కపెట్టి ఛార్జి అప్పగించాలి, అవతల జాయినింగ్ రిపోర్టు ఇవ్వాలి. ఏడు మండలాల ఓటర్ల ఛార్జి ఎవరూ ఎవరికీ అప్పగించలేదు. భద్రాచలంలో గెలిచిన సీపీఎం నేత సున్నం రాజయ్య సొంతూరు వి.ఆర్.పురం మండలంలోని సున్నంవారిగూడెం. అంటే ఆయన ఇల్లు ఆంధ్రప్రదేశ్‌లో, కుర్చీ తెలంగాణలో. మొదట్లో రెండు రాష్ట్రాల సభలూ హైదరాబాదులో ఒకే ఆవరణలో నడిచాయి. గోడ అవతల జరిగే సభలో తన ఊరి ముంపు గురించి మాట్లాడే హక్కు ఆ ఊరివాడే అయిన ఎమ్మెల్యేకి లేకుండా పోయింది. 2019లో ఆయన రంపచోడవరం నుంచి పోటీ చేసి ఓడారు, 2020లో కన్నుమూశారు.

ఇవతల మిగిలిన భద్రాచలం నియోజకవర్గానిది మరో అవస్థ. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల ఒక జిల్లా, వెంకటాపురం, వాజేడు ములుగు జిల్లా. భద్రాచలం పట్టణం నుంచి దుమ్ముగూడెం దారి పట్టిన ఎమ్మెల్యే మధ్యలో ఎటపాక మీదుగా పక్క రాష్ట్రంలోకి వెళ్లి మళ్లీ సొంత నియోజకవర్గంలో తేలాలి. ఉద్యోగి అయితే రాష్ట్రం దాటినందుకు ముందస్తు అనుమతి, టీఏ బిల్లు ఉండేవి. భద్రాచలం రాముడి సంగతి ఇంకా ఘోరం. ఆయన తెలంగాణలో, ఆయన పేర ఉన్న దాదాపు 889 ఎకరాలు ఆంధ్రప్రదేశ్‌లోని పురుషోత్తపట్నంలో. భార్యాభర్తల కేటగిరీ కింద బదిలీ అడుగుదామంటే భూమికి ఆ నిబంధన వర్తించదు, సీతమ్మవారు పక్కనే ఉన్నారు. ఇక 2023లో భద్రాచలంలో కారు గుర్తు మీద గెలిచిన తెల్లం వెంకటరావు మరుసటేడే కాంగ్రెస్ కండువా కప్పించుకున్నారు. అది మాత్రం పరిపాలనా సౌలభ్యం పద్దు కాదు, రిక్వెస్టు బదిలీ.

పోలవరం జాతీయ ప్రాజెక్టు, ముంపు ప్రాంతం రెండు రాష్ట్రాల్లో ఉంటే పని సాగదు కాబట్టి కలపక తప్పలేదన్నది వాదన. సరే, తప్పలేదనే అనుకుందాం. నీళ్ల కోసం మండలాల్ని కలిపినవాళ్లకి, ఆ మండలాల మనుషులకి సభలో నోరుండాలని ఎందుకు తట్టలేదు? ఎమ్మెల్యే పదవిలో ఉండగా ఖాళీ లేదు, ఖాళీ లేనిచోట ఉపఎన్నిక ఎలాగంటారు. చట్టం అంత అమాయకురాలు కాదు. రాష్ట్ర విభజన చట్టంలోనే శాసనమండలి సభ్యుల్ని ఎవరు ఏ రాష్ట్రమో పేరుపేరునా పట్టిక వేసి పంచారు. ఎమ్మెల్సీల జాబితా గుర్తున్న కలానికి ఏడు మండలాల ఓటర్లు గుర్తుకు రాలేదు. రంపచోడవరం, పోలవరం నియోజకవర్గాల్లో వాళ్లని చేర్చింది 2018లో, వాళ్లు తొలిసారి ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేకి ఓటేసింది 2019 ఏప్రిల్‌లో. అప్పుడైనా ఏ ఎంపీకి? రంపచోడవరంలో చేరినవాళ్లు అరకు ఎంపీకి. శ్రీకాకుళం వైపు పాలకొండ దగ్గర మొదలై శబరి ఒడ్డు దాకా సాగే స్థానం అది. సరిహద్దులు గీయడం అంత తేలిక కాదు, రాజ్యాంగం 170వ అధికరణం అడ్డుందన్నది ఇంకో సమాధానం. ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్థానాల్ని 175 నుంచి 225కి, తెలంగాణవి 119 నుంచి 153కి పెంచమన్న పిటిషన్‌ని 2025 జులైలో సుప్రీంకోర్టు ఆ కారణంతోనే కొట్టేసింది. 2026 తర్వాతి తొలి జనగణన దాకా ఆగమంది. న్యాయమే. అయితే స్థానాల సంఖ్య దగ్గర అంత బిగుసుకుపోయిన సరిహద్దు, రిజర్వాయరు కావాలనేసరికి ఒక్క ఆర్డినెన్సుతో కరిగిపోయింది.

2014 నుంచి 2019 దాకా ఆ ఐదేళ్లూ మామూలు ఏళ్లు కావు. ప్రాజెక్టు నిర్మాణాన్ని 2016లో రాష్ట్రం తన చేతుల్లోకి తీసుకున్నది, కేంద్రం ఎంతిస్తుంది, ఎంతవరకే ఇస్తుందన్న బేరం నడిచింది, ఏ ఊరు ముంపులో పడుతుంది, ఎవరికి ఎంత పరిహారం, ఎక్కడ కాలనీ అని కాగితాలు కదిలింది అప్పుడే. లక్షకు పైగా కుటుంబాల బతుకు లెక్క అది. అత్యధికం ఈ మండలాలవాళ్లే, అందులోనూ కోయలు, కొండరెడ్లు. ఆ లెక్క వేస్తున్న సభలో లేచి నిలబడి మా చింతూరు, మా కూనవరం అనగలిగే సభ్యుడు ఒక్కడూ లేడు. ఇది పొరపాటున జరిగిందంటే ఎలా నమ్మాలి? మాట్లాడేవాడు లేనప్పుడే పని సాఫీగా జరుగుతుందని తెలిసినవాళ్లు, మాట్లాడేవాడిని పంపడానికి తొందరపడలేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి ఎగబాకినప్పుడు ఈ ఊళ్లు గుట్టలెక్కి టార్పాలిన్ల కింద తలదాచుకున్నాయి. మమ్మల్ని తిరిగి తెలంగాణలో కలిపేయండని అడిగాయి. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాయి. ఒక రాష్ట్రం చంకనెత్తుకుని, ఇంకో రాష్ట్రం వదిలించుకుని, రెండూ కలిసి వీళ్లని గాలికొదిలేశాయి. ఇప్పుడు ఆ జనానికి ఇస్తున్నది వాళ్లని ముంచే ప్రాజెక్టు పేరు. దాన్నే జిల్లా పేరుగా రేషన్ కార్డు మీద, ఆధార్ మీద రాయించుకుని తిరగాలి. నీటిమట్టం 41.15 మీటర్లా, 45.72 మీటర్లా అని పైవాళ్లు తేల్చుకునేలోగా ఎన్ని బోర్డులు మార్చినా గుట్ట మీది కుటుంబానికి ఒరిగేదేమీ లేదు. ముందు వాళ్ల పరిహారం ఖాతాల్లో వేయండి, చెప్పిన కాలనీల్లో ఇళ్లు కట్టించి తాళాలివ్వండి. కలెక్టరేటు ముందు బోర్డు తర్వాత రాయించుకోవచ్చు.