హెల్మెట్ కొనడానికి కళ్లతో పనేముంది?

మేడ మీద మొక్కలకు స్టాండు, గేటుకు ఊడిన కీలు, పాత కుర్చీకి విరిగిన కాలు. ఇన్ని పనులున్నాయని ఇంట్లో ఒప్పించి 200 యాంపుల ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ కొనేశారు. ఎర్త్ క్లాంపు, హోల్డరు, ఒక ప్యాకెట్టు 6013 రాడ్లు కూడా వచ్చేశాయి. పెట్టెలో ఉచితంగా వచ్చిన చేతి షీల్డు పట్టుకోవడం నామోషీ కాబట్టి ఇప్పుడు ఆటో డార్కెనింగ్ హెల్మెట్ కావాలి. సరైన చోటికే వచ్చారు. ముందు ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. ఈ హెల్మెట్ మీరు చూడడానికి కాదు, మిమ్మల్ని నలుగురు చూడడానికి. ఇది వంటబడితే మిగతాదంతా సులువే.

కాబట్టి మొదట బొమ్మ ఎంచుకోండి. పుర్రె, మంటలు, రెక్కలు విప్పిన గద్ద ఇలా రకరకాలుంటాయి. నా ఓటు పుర్రెకే. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట కొట్టుకు వెళ్తే తలకు పెట్టుకుని చూడనిస్తారు, అటువైపు పోకండి. పట్టీ నుదుటిని ఎక్కడ కోస్తుందో, తల వంచగానే హెల్మెట్ ముందుకు ఎలా తూలుతుందో, చూసే కిటికీ ఎంత ఇరుగ్గా ఉందో అక్కడికక్కడే తెలిసిపోయి మనసు విరుగుతుంది. ఫోనులో ఫొటో చూసి కొనేస్తే ఆ బాధ లేదు. అరగంట పనికే మెడ పట్టేస్తే వయసు మీద పడిందనుకోవచ్చు.

ఇక అంకెలు. అద్దం మీద 1/1/1/2 అనో, 1/2/1/2 అనో ఉంటుంది. యూరప్ వాళ్ల ఈఎన్ 379 ప్రమాణం ప్రకారం ఆ అద్దానికి పడ్డ మార్కులవి. మొదటి అంకె ఎదుటి వస్తువు వంకర లేకుండా కనిపిస్తుందా అన్నదానికి. రెండోది వెలుగు చెదిరి మసకబారుతుందా అన్నదానికి. మూడోది అద్దమంతటా నలుపు సమంగా ఉందా అన్నదానికి, నాలుగోది ఏటవాలుగా చూసినా ఆ నలుపు నిలుస్తుందా అన్నదానికి. ఒక్కోదానికి 1 నుంచి 3 దాకా ఇస్తారు. మూడుకు ఒకటి తెచ్చుకున్న పిల్లవాణ్ని మనం ఏనాడైనా మెచ్చుకున్నామా? నాలుగు మూళ్లు పడ్డ అద్దాన్ని వెతికి పట్టుకోండి. అసలు అంకెలే లేనిది దొరికితే ఇంకా మేలు. పరీక్షే రాయనివాణ్ని తప్పాడని ఎవరూ అనలేరు.

పెట్టె మీద ‘1/25,000 సెకను’ అని కూడా కొట్టొచ్చినట్టు రాస్తారు. అది అద్దం నల్లబడే వేగం. అమ్మేవాడు గట్టిగా అరిచేది అదే కాబట్టి మీరూ అదొక్కటే చూడండి. లోపలి డిలే మీట గురించి అడక్కండి. ఆర్క్ ఆగాక అద్దం ఎంతసేపటికి తెల్లబడాలో అది నిర్ణయిస్తుందట. ఎక్కువ యాంపుల మీద పెద్ద అతుకు వేసినప్పుడు కాస్త పొడిగించుకోవాలట, చకచకా ట్యాకులు వేసేటప్పుడు తగ్గించుకోవాలట. ఆదివారం పూట ఇంత చదువు ఎవరికి కావాలి!

1981లో స్వీడన్‌కు చెందిన హోర్నెల్ కంపెనీ ద్రవ స్ఫటికాల అద్దంతో తనంతట తానే నల్లబడే హెల్మెట్‌ను బజారులోకి తెచ్చింది. నల్ల అద్దం బిగించిన పాతరకం హెల్మెట్‌తో అయితే, రాడ్‌ను అతుకు దగ్గర పెట్టి, మెడను ఒక్క విదుపు విదిపి హెల్మెట్‌ను ముఖం మీదికి పడేయాలి. ఆ విదుపులో రాడ్ కొస పక్కకు జరుగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగినవాళ్లకు జరగదు. నెలకో ఆదివారం రాడ్ పట్టే మీకు తప్పకుండా జరుగుతుంది. తనంతట తానే నల్లబడే రకంలో అద్దం తెల్లగా ఉన్నప్పుడే రాడ్‌ను సరైన చోట ఆనించుకునే వీలుంది కాబట్టి ఇది కొత్తవాళ్లకే ఎక్కువ అక్కరకొస్తుందని తెలిసినవాళ్లు అంటారు. మీరు మాత్రం హెల్మెట్‌ను పైకెత్తే ఉంచి, ట్యాక్ అంటే క్షణమే కదా అని కళ్లు మూసుకుని వేసేయండి. రెప్పలు వెలుగును కొంత ఆపుతాయి. ముఖానికి రెప్పలు లేవు, అది వేరే సంగతి.

షేడ్ మీట 9 నుంచి 13 వరకు తిరుగుతుంది. 13 దగ్గర పెట్టి గమ్ వేసి అంటించేయండి. ఎంత నలుపైతే అంత రక్షణ అన్నది లోకజ్ఞానం. దాన్ని చెడగొట్టడానికే కొందరు, కంటికి కనబడని అతినీలలోహిత, పరారుణ కిరణాలను ఆపే పొర మంచి అద్దంలో ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుందనీ, మీట తిప్పితే మారేది కనబడే వెలుగు మాత్రమేననీ చెబుతారు. 2.5 మిల్లీమీటర్ల రాడ్‌తో 70, 80 యాంపుల మీద పనికి షేడ్ 10 చాలట. కరిగిన ఇనుము వేరుగా, దాని మీద తేలే స్లాగ్ వేరుగా కనబడాలట. 13 దగ్గర ఈ గొడవేమీ లేదు, ఒక్క వెలుగు చుక్క తప్ప ఏదీ కనబడదు. అతుకు ఏ వైపు పోతోందో అంతుబట్టకపోతే ముఖం దగ్గరికి పెట్టండి. ఇంకా తెలియకపోతే ఇంకాస్త దగ్గరికి. పొగ నేరుగా ముక్కులోకే వస్తుంది, రానివ్వండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగను రెండో గ్రూపు నుంచి మొదటి గ్రూపుకు మార్చింది. రెండు నుంచి ఒకటికి దిగిందంటే ప్రమాదం తగ్గినట్టే కదా. మార్కుల లెక్క ఇందాకే చెప్పుకున్నాం.

ఆర్క్‌ను కనిపెట్టే సెన్సార్లు రెండు చాలు. నాలుగున్నవాటికి డబ్బు పోయకండి. గేటు కింద దూరి గొట్టం చాటున అతుకు వేసేటప్పుడు ఉన్న రెండూ మూసుకుపోతే, మీరు ఆర్క్ కొట్టిన సంగతి హెల్మెట్‌కే తెలియదు. మీకు మాత్రం తెలుస్తుంది.

గ్రైండ్ బటన్ ముచ్చట వేరు. అది నొక్కితే అద్దం 3 లేదా 4 షేడ్ దగ్గరే ఆగిపోతుంది, గ్రైండర్ రవ్వలు చూసి నల్లబడదు. అతుకు రుద్దడానికి నొక్కుతారు, రుద్దాక మళ్లీ హోల్డరు పట్టుకుంటారు, బటన్ అలాగే ఉంటుంది. బటన్ బయటే ఉండి, నొక్కినట్టు గుర్తుచేసే దీపం మిణుకుమిణుకుమనే రకాలు కూడా ఉన్నాయి. మీ జ్ఞాపకశక్తిని అంతగా అవమానించే హెల్మెట్‌ను మీరెందుకు కొనాలి?

‘సోలార్’ అని రాసి ఉంటే బ్యాటరీ సంగతి ఎత్తకండి. చాలావాటిలో సోలార్ పలకతో పాటు లోపల లిథియం బ్యాటరీ కూడా ఉంటుంది. చవకవాటిలో దాన్ని సీలు చేసేస్తారు. అది చస్తే హెల్మెట్టే పారేయాలి, అప్పుడు ఇంకో బొమ్మ కొనుక్కోవచ్చు. సీఆర్2450 లాంటి బిళ్ల బ్యాటరీ మార్చుకునే రకం కొన్నారో, ఏళ్ల తరబడి అదే పుర్రె. పని మొదలుపెట్టే ముందు హెల్మెట్‌ను చేతిలో పట్టుకుని టెస్ట్ బటన్ నొక్కడం, లేదా ఎండ వైపు తిప్పి నల్లబడుతుందో లేదో చూసుకోవడం పిరికివాళ్ల అలవాటు.

అద్దానికి ముందుండే ప్లాస్టిక్ పలక మీద రవ్వలు పడి చుక్కలు చుక్కలుగా అవుతుంది. మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు, అయినా మార్చకండి. థిన్నర్ పోసి తుడవండి. అది పాలీకార్బొనేటు కాబట్టి బీటలు వారి పాలలా తెల్లబడుతుంది. ఆపైన అతుకు కనబడకపోతే తప్పు రాడ్‌దే అనండి. నలభై దాటినవాళ్లు లోపల బిగించుకునే భూతద్దం పలకలు కూడా దొరుకుతాయి. మీకు నలభై దాటలేదు కదా, ఇంట్లో ఎవరూ ఒప్పుకోకపోయినా.

చుట్టూ ఉన్నవాళ్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పుర్రె చూడడానికి పిల్లలు రావాలి, ఫొటో తీయడానికి ఎవరో ఒకరు ఎదురుగా నిలబడాలి. వెనక తెల్ల సున్నం గోడ ఉంటే ఫొటో బాగా వస్తుంది. ఆర్క్ వెలుగు గోడ మీద పడి హెల్మెట్ వెనక సందులోంచి మీ కళ్లకే తిరిగొస్తుందంటారు గానీ, గోడకు నల్లరంగు ఎవరు వేయిస్తారు?

ఇంత చేశాక పగలు ఏమీ తెలియదు. అదే దీనిలోని సుఖం. రాత్రి పదింటికో, అర్ధరాత్రికో కళ్లలో ఇసుక పోసినట్టు మొదలై, దీపం చూడలేక, రెప్ప వేయలేక, నీళ్లు ధారగా కారతాయి. అప్పుడు ఇల్లంతా తలో వైద్యం చెబుతుంది. ఆలుగడ్డ ముక్కలు పెట్టమనేవాళ్లు, చనుబాలు అడిగి తెచ్చి పిండమనేవాళ్లు. అన్నీ పెట్టించుకోండి, చేతులు కడుక్కున్నారా అని అడక్కండి. తెల్లారి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, కంటి పైపొర కమిలిందనీ, ఒకటి రెండు రోజుల్లో అదే మానుతుందనీ అంటాడు. పరీక్ష చేయడానికి ముందు ఒక మత్తుచుక్క వేస్తాడు. నొప్పి చేత్తో తీసేసినట్టు పోతుంది. ఆ సీసా ఇంటికి ఇవ్వమని పట్టుబట్టండి. అది మాటిమాటికీ వేసుకుంటే పుండు మానదనీ, చూపుకే ముప్పనీ చెప్పి ఇవ్వనంటాడు. వాదన పెట్టుకోకండి, వేరే డాక్టరు బోర్డు ఎక్కడుందో చూసుకోండి, కనబడితే.